ఉద్యోగం మారాలంటే సముద్రం దాటాలా?

చేసే ఉద్యోగం మీద మనసు విరిగితే హైదరాబాదీ ఎదుటి వీధి కంపెనీకి మారిపోతాడు. మరి అండమాన్ నికోబార్‌లో? 2011 లెక్కల ప్రకారం 3.8 లక్షల జనాభా ఉన్న దీవులవి. సర్కారు కొలువు, పర్యాటకం, చేపల వేట దాటితే దారులు తక్కువ. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు ఇళ్లలో ప్రభుత్వ ఉద్యోగం వదిలేస్తానంటే గొడవే. వేట మీద బతికిన పెద్దల భయాన్ని తప్పుపట్టలేం.

అయితే 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు (ఇప్పటి శ్రీ విజయపురం) సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. ఇతర దీవులకు వేసిన భాగాలతో కలిపి పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు. అంతకుముందు ఉపగ్రహ ఇంటర్నెట్‌తో వీడియో కాల్ కూడా గగనమే. కేబుల్ ఉద్యోగం ఇవ్వదు. కానీ అకౌంట్సో, డిజైనో, పాఠాలు చెప్పడమో, నచ్చిన పనిని రాజీనామాకు ముందే సాయంత్రాలు చేసి చూసుకోవచ్చు. నెల తిరిగేసరికి ఆ పని నిజంగా నచ్చిందో, ఉన్న ఆఫీసు మీది విసుగేనో తెలిసిపోతుంది.