కుటుంబ బాధ్యతలున్న కార్మికులెవరు?

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1965లో చేసిన ఒక సిఫారసు 'కుటుంబ బాధ్యతలున్న స్త్రీల' గురించి. ఇల్లూ పిల్లలూ ఆమె పని, ఉద్యోగం అదనం; రెండూ నెట్టుకురావడానికి కాస్త సాయం చేద్దామన్న ధోరణి అది. 1981లో వచ్చిన 156వ ఒడంబడిక మాత్రం 'స్త్రీపురుష కార్మికులు' అంది. పిల్లలతోపాటు, కనిపెట్టుకుని ఉండవలసిన ఇతర కుటుంబసభ్యులనూ లెక్కలోకి తీసుకుంది. కుటుంబ బాధ్యతలున్నాయన్న కారణంతో ఎవరినీ పనిలోంచి తీసెయ్యకూడదంది. అన్ని రంగాలకూ, అన్ని రకాల కార్మికులకూ ఇది వర్తించాలంది. భారత ప్రభుత్వం దీన్ని ఇప్పటికీ ఆమోదించలేదు.

ఆమోదం సంగతి అటుంచితే, మన చట్టాల ఆలోచన ఇంకా 1965 దగ్గరే ఉంది. పాత ఫ్యాక్టరీల చట్టంలో స్త్రీలు 30 మందికి మించితేనే క్రెష్. 30 దగ్గర ఆపేస్తే యజమానికి ఆ గొడవే లేదు! 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు ఆడా మగా కలిపి 50 మంది ఉద్యోగులన్నారు. మంచి మార్పే. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ అదే సంఖ్య ఉంది. కానీ రోజుకు నాలుగుసార్లు క్రెష్‌కు వెళ్లి బిడ్డను చూసుకునే హక్కు తల్లికే. తండ్రి అదే ఫ్యాక్టరీలో, పక్క షెడ్డులోనే ఉన్నా అతని ఊసు లేదు. పైగా ఈఎస్ఐ లేనిచోట 26 వారాల ప్రసూతి సెలవు జీతం యజమానే భరించాలి. సెలవు తగ్గించమని కాదు మనం అనేది. ఆ ఖర్చు ఒక్క యజమాని మీదే పడితే, ఆడవాళ్లను పనిలోకి తీసుకోవడమే నష్టమనుకునే వాళ్లకు చట్టమే సాకు అందించినట్లవుతుంది.

ఇక నిజామాబాద్, కరీంనగర్‌లలో బీడీలు చుట్టే స్త్రీలో? చేట ఒళ్లో పెట్టుకుని, పక్కన పసిబిడ్డను పడుకోబెట్టుకుని ఇంట్లోనే చుడతారు. 50 మంది లెక్కలోకి వాళ్లు వచ్చేదెలా? వాళ్లకు కావలసింది ఊళ్లోనే, వాడలోనే రోజంతా తెరిచి ఉండే కేంద్రం. అంగన్‌వాడీనే అలా మార్చవచ్చు. అయితే అక్కడ పిల్లల్ని చూసేదీ స్త్రీలే, వాళ్ల చేతికి వచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. ముందు దాన్ని జీతం చెయ్యాలి.

2024 జాతీయ కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్లు వెచ్చించింది 88. అసలు చెయ్యని మగవాళ్లు ఈ సగటులో లేరు.

సంఘాల డిమాండ్ల పత్రాల్లో 'మహిళా కార్మికులకు క్రెష్' అన్న మాట ఇంకా కనిపిస్తూనే ఉంది. అందులోంచి 'మహిళా' తీసేసి, తండ్రికీ ఆ నాలుగుసార్లు కావాలని, 156ని ఆమోదించాలని చేర్చండి. మగవాళ్లు ఎక్కువగా ఉన్న యూనియన్లలోనే ముందుగా చర్చకు పెట్టండి. నవ్వేవాళ్లు నవ్వుతారు.