టేపు పట్టుకొని పొయ్యి దగ్గరికి

రేపటి వంటిల్లు డిజైన్ చేయమంటే మనం ముందు గీసేది మాట్లాడే ఫ్రిజ్, ఇండక్షన్ స్టవ్. భూపాలపల్లి పక్కన చెల్పూర్‌లో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రమే ఉంది, కరెంటుకేం కొదవ అనుకుంటాం. కానీ జనగామ, మహబూబాబాద్ ఊళ్లల్ల గ్యాస్ ఉన్న ఇళ్లల్ల కూడా నీళ్లు కాగేది కట్టెల పొయ్యి మీదనే. కట్టె ఊరికే దొరుకుతుంది, సిలిండర్‌కు పైసలు కావాలె. ఇండక్షన్ కొన్నా సత్తు గిన్నె దాని మీద వేడెక్కదు. అడుగుకు అయస్కాంతం అతుక్కోవాలె. అంటే స్టవ్‌తో పాటు గిన్నెలన్నీ మార్చాలె. ఆ ఖర్చు మన డ్రాయింగ్‌లో ఉండదు. పొగ మాత్రం అమ్మ కళ్లల్లోకే పోతుంది.

అందుకే ఫ్రిజ్‌కు మాటలు నేర్పేముందు, ఈ సెలవుల్లో టేపు పట్టుకొని పొయ్యి దగ్గర కూర్చుందాం. పొయ్యి ఎత్తు, పొగ పోయే దారి, గిన్నె అడుగు కొలుద్దాం. మొదటి ప్రశ్న అమ్మనే అడుగుదాం: "నీకేం కావాలె?"