థైరాయిడ్ మాత్రకూ వంటింటి వైద్యానికీ వైరం లేదు

మందమర్రి ఎండలు ఎట్లుంటాయో బొగ్గుగనుల ప్రాంతం ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. అట్టి మే నెలలో ఇంటిల్లిపాదీ ఉక్కపోతతో అల్లాడుతుండగా, నేనొక్కదానినే ఫ్యాను ఆపమని వేడుకొని దుప్పటి కప్పుకున్న రోజులున్నవి. తల దువ్వితే జుట్టు పాయలుగా ఊడేది. చర్మం పొడిబారడం, మలబద్ధకం, నెలసరిలో అధిక రక్తస్రావం, మతిమరపు, కారణం తెలియని దిగులు ఒకదాని వెంట ఒకటిగా వచ్చినవి. మొదటి షిఫ్టుకు వెళ్ళే మావారికి డబ్బా సర్దేసరికే నా శక్తి ఉడిగిపోయేది. "వయసు మీద పడుతున్నది బిడ్డా, ఆడోళ్ళకు గట్లనే ఉంటది" అని మా అత్తమ్మ ఓదార్చేది. రెండేళ్ళు నేనూ అదే నమ్మాను.

చివరకు రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. బాగా పెరిగి ఉన్నదనీ, థైరాయిడ్‌కు వ్యతిరేకమైన యాంటీబాడీలు ఉన్నవనీ తేలింది. దీనిని హషిమోటో వ్యాధి అంటారు. జపాను వైద్యుడు హకారు హషిమోటో 1912లో దీనిని వర్ణించాడు. రోగక్రిములపై పోరాడవలసిన మన రక్షణ వ్యవస్థే కంఠంలోని గ్రంథిని పరాయిదిగా ఎంచి క్రమక్రమంగా క్షీణింపజేస్తుంది. ఈ సంగతి 1956లో పరిశోధకులకు స్పష్టపడింది. పురుషులకన్న స్త్రీలలో ఇది అనేక రెట్లు అధికం. అయొడిన్ లోపంవల్ల వచ్చే గళగండం వేరు, ఇది వేరు.

ఇక నా పొరపాటు చెప్పుకుంటాను. జీవితాంతం మాత్ర వేసుకోవాలన్న మాట నాకు రుచించలేదు. ఎవరో చెప్పిన కషాయం మొదలుపెట్టి, మాత్ర మానివేశాను. మొదటి వారాలు హాయిగానే గడిచినవి. కషాయమే గెలిచిందనుకున్నాను. నిజానికి లీవోథైరాక్సిన్ మాత్రలోని హార్మోను శరీరంలో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. అందువల్ల మానిన వెంటనే కీడు కనపడదు. నాలుగో నెలలో ముఖం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, నాడి మందగించి మళ్ళీ మంచం పట్టాను.

ఇందుకు ఆయుర్వేదాన్ని నిందించను. సుశ్రుతుడు నిదానస్థానంలో గళగండాన్ని వాత, కఫ, మేదో భేదాలతో వివరించాడు. కాంచనార గుగ్గులును వైద్యులు నేటికీ వాడుతున్నారు. కాని క్షీణించిన గ్రంథి ఇవ్వలేని హార్మోనును ఏ కషాయమూ పూరించగలదని రుజువు కాలేదు. స్వల్ప దశలో కొందరికి మాత్ర అవసరపడకపోవచ్చు. దానిని నిర్ణయించవలసినది పరీక్షలు చూసిన వైద్యుడే గాని, మనమూ మన ఇరుగుపొరుగూ కాదు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చును గనుక దానినీ వైద్యునికి చెప్పకుండా వాడరాదు.

మరి వంటింటికి పని లేదా? చాలా ఉన్నది. పొడి చర్మానికి గోరువెచ్చని నువ్వులనూనె మర్దన, మలబద్ధకానికి ఆకుకూరలు, పొట్టుతో కూడిన పప్పులు, తగినంత నీరు, రోజూ అరగంట నడక నాకు మేలు చేసినవి. క్యాబేజీ, కాలీఫ్లవర్ చూసి భయపడనక్కరలేదు. ఉడికించి మితంగా తింటే దోషం లేదు. ఉప్పు విషయంలో మాత్రం రెండు విపరీతాలు కనిపిస్తున్నవి. సైంధవ లవణమే శ్రేష్ఠమని కొందరు అయొడిన్ ఉప్పును పూర్తిగా మానుతున్నారు. మరికొందరు అయొడిన్ అధికంగా ఉండే సముద్రపు నాచు పొడులు మింగుతున్నారు. మొదటిది ఇంట్లోని పిల్లలకూ గర్భిణులకూ కీడు, రెండవది ఈ వ్యాధిని పెంచగలదు. మామూలు అయొడిన్ ఉప్పును మితంగా వాడుకోవడమే క్షేమం.

అన్నిటికన్న ముఖ్యమైనది మాత్ర వేసుకునే వేళ. పరగడుపున మంచినీళ్ళతో వేసుకొని, అరగంట నుండి గంట వరకు టీ, కాఫీ, పాలు, ఫలహారం ముట్టరాదు. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇసబ్‌గోల్ వంటివీ మాత్రతోపాటు తీసుకోరాదు. తెల్లవారుజామున కుదరనివారు వైద్యుని సలహాపై, రాత్రి భోజనమైన మూడు గంటల తరువాత వేసుకోవచ్చును. మోతాదు మారినప్పుడు ఆరు నుండి ఎనిమిది వారాలకు పరీక్ష చేయించాలి. జుట్టు కోసం బయోటిన్ వాడేవారు పరీక్షకు ముందే ఆ మాట చెప్పాలి, లేనిచో ఫలితం తప్పుగా రావచ్చును. గర్భం నిలిచిందని తెలిసిన వెంటనే వైద్యుని చూడాలి, అప్పుడు సాధారణంగా మోతాదు పెంచవలసి వస్తుంది.

మా గనుల ఊళ్ళలో మొదటి షిఫ్టు ఇల్లు నాలుగు గంటలకే లేస్తుంది. పొయ్యి మీద మొదట పెట్టేది టీ, ఆడవారు మాత్ర వేసుకునేదీ ఆ టీతోనే. మందు పనిచేయడం లేదని తరువాత నిందిస్తాము. ఇల్లాలికి అరగంట విరామం ఇవ్వడం కుటుంబమంతటి బాధ్యత అని నా అభిప్రాయం. మా ఇంట ఇప్పుడు ఉదయపు టీ మావారే కాస్తున్నారు. నా కప్పు అరగంట తరువాత వస్తుంది. మొన్నటి మే నెలలో ఫ్యాను ఆపమని నేను ఎవరినీ అడగలేదు.