ముందస్తు ప్రవేశం – సంతకానికి ముందు

అమెరికాలో డిగ్రీ చదవాలన్న కోరిక మన యువతరంలో నానాటికీ పెరుగుతున్నది. ఇక్కడ పట్టా పుచ్చుకొని పై చదువులకు వెళ్ళేవారితోపాటు, ఇంటర్మీడియెట్ ముగియగానే వెళ్ళదలచినవారూ నేడు ఉన్నారు. అట్టివారికి మొదట ఎదురయ్యే ప్రశ్న, ‘ఎర్లీ డెసిషన్’ దరఖాస్తు ఏ కళాశాలకు పంపవలెనన్నది. ఇది ఇచ్చిన మాటకూ, ఇంటి స్థితిగతులకూ సంబంధించిన ప్రశ్న అని నా అభిప్రాయం.

ఈ పద్ధతిలో విద్యార్థి ఒకే ఒక్క కళాశాలకు, సాధారణంగా నవంబరు 1 లేక 15వ తేదీలోగా దరఖాస్తు పంపవలెను. డిసెంబరు మధ్యలో ఫలితం తెలియును. సీటు లభించినచో అక్కడే చేరి, తక్కిన దరఖాస్తులన్నింటినీ ఉపసంహరించుకొనవలెను. ఈ ఒప్పందంపై విద్యార్థితోపాటు తల్లి గాని తండ్రి గాని, విద్యాసంస్థ తరఫున ఒకరు గూడ సంతకం చేయుదురు. ‘ఎర్లీ యాక్షన్’ అను మరొక పద్ధతిలో ఫలితం త్వరగా తెలిసినను, చేరితీరవలెనన్న నిర్బంధం లేదు.

ముందస్తు దరఖాస్తుదారులలో ఎంపికైనవారి శాతం హెచ్చుగా ఉండుట నిజమే. కాని ఆ లెక్కలో కళాశాలలు ముందే ఎంచుకొన్న క్రీడాకారులు, పూర్వవిద్యార్థుల సంతానం కూడా చేరియుందురు. ఆ శాతమంతయు మనకు వర్తించునని భ్రమపడరాదు. పైగా, నాలుగుచోట్ల లభించే ఆర్థిక సహాయాన్ని పోల్చి చూచుకొనే అవకాశం ఈ పద్ధతిలో పోవును. అది సంపన్నునికి నష్టం కాదు, పేదవానికి నష్టమే. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఈ పద్ధతిని విడనాడుచున్నట్లు 2006లో ప్రకటించి, 2011లో ముందస్తు ప్రవేశాన్ని పునరుద్ధరించినప్పుడు నిర్బంధం లేని విధానాన్నే స్వీకరించినది.

అక్కడి అనేక ప్రైవేటు కళాశాలలలో ఏడాది ఖర్చు 80,000 డాలర్లు దాటినది; అనగా మన లెక్కలో 60 లక్షల రూపాయలకు పైమాటే. సహాయం చాలనిచో ఒప్పందం నుండి విడుదల పొందవచ్చును గాని, ఎంత అవసరమో లెక్కకట్టునది కళాశాలయే. అంతేగాక, విదేశీ విద్యార్థుల ఎంపికలో వారి చెల్లింపు శక్తిని గూడ అనేక కళాశాలలు పరిగణించును. అమ్హర్స్ట్, బౌడిన్, డార్ట్‌మత్ వంటి కొద్ది కళాశాలలు మాత్రమే దానిని పరిగణింపక ఎంపిక చేసి, తాము నిర్ణయించిన అవసరం మేరకు పూర్తి సహాయం చేయుచున్నవి.

కనుక విద్యార్థి మిత్రులు మూడు విషయాలు విచారింపవలెను. మరెక్కడ సీటు వచ్చినను ఈ కళాశాలకే వెళ్ళుదునా? సహాయం ఎంత అందునో ముందుగా వ్రాసి తెలుసుకొంటినా? నవంబరు నాటికి చూపగల మార్కులు పదవ తరగతివి, ఇంటర్ మొదటి సంవత్సరానివే గదా; అవి చాలునా? ఏ ఒక్కదానికి ‘కాదు’ అని జవాబు వచ్చినను, సాధారణ గడువు వరకు ఆగుట మేలు.

కళాశాల కమిటీ వారికొక మనవి. ఆ ఒప్పందం ఆంగ్లంలో ఉండును. సంతకం చేసే తల్లిదండ్రులలో చాలమందికి ఉర్దూ లేక తెలుగు మాత్రమే వచ్చును. ఏటా సెప్టెంబరులో ఒకనాడు వారిని పిలిపించి, షరతులను, ఖర్చులను వారి భాషలో వివరింపజేయవలెను. ‘వాదా’ అన్నను, ‘మాట’ అన్నను నిలబెట్టుకొనవలసినదే. అట్టి మాటను తెలియక ఇచ్చే పరిస్థితి ఏ తండ్రికీ, ఏ తల్లికీ రాకూడదు.