గంట ప్రయాణం ఐదు గంటలు

హైటెక్‌ సిటీలో పనిచేసే అబ్బాయికి విజయవాడ నుంచి కబురొచ్చింది, నాన్నను ఆసుపత్రిలో చేర్చారని. విమానమైతే గంటే కదా అంటారు తోటివాళ్లు. ఆ గంటకు ముందూ వెనకా ఏముందో చూడాలి. విమానాశ్రయం 2008లో బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారింది. ఔటర్‌ రింగ్‌ రోడ్డు ఎక్కితే ఫరవాలేదు, ఆఫీసులు వదిలే వేళ గచ్చిబౌలి దాటడమే గండం. దేశీయ విమానానికి రెండు గంటల ముందు రమ్మంటారు. అదేమీ మర్యాదకు చెప్పే మాట కాదు, చాలా సంస్థలు గంట ముందే చెకిన్‌ మూసేస్తాయి. గన్నవరంలో దిగాక ఊళ్లోకి మరో 20 కిలోమీటర్లు. మొత్తం దాదాపు ఐదు గంటలు!

మెట్రో ఎక్కితే మధ్యలో మారకుండా సికింద్రాబాద్‌. అక్కణ్నుంచి 2023లో మొదలైన వందేభారత్‌ సుమారు నాలుగు గంటల్లో బెజవాడ నడిబొడ్డున దించుతుంది. లెక్క సమానమే. కానీ స్టేషన్‌కు అరగంట ముందు చేరితే చాలు. సీటు దొరకాలి, అదొక్కటే చిక్కు.

ఫ్రాన్స్‌ అయితే 2023లో రెండున్నర గంటల్లో రైలు చేర్చే కొన్ని ఊళ్లకు విమానాలే ఆపేసింది. బెంగళూరు సంగతి వేరు. కాచిగూడ వందేభారత్‌కూ ఎనిమిదిన్నర గంటలు పడుతుంది, అక్కడ విమానానిదే పైచేయి. బెజవాడ వెళ్లాల్సిన కొడుకు మాత్రం ముందు రైలు టికెట్‌ కోసం చూడొచ్చు.