సెలవు పుచ్చుకోవడం

మా పక్కింటి కుర్రవాడు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. మొన్న సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని వచ్చి, "తాతగారూ, 'టేక్ లీవ్' అంటే అర్థమూ, దానికి అయిదు పర్యాయపదాలూ రాసుకు రమ్మన్నారండీ" అన్నాడు. అయిదేం ఖర్మ! ఇంగ్లీషులో వెళ్ళిపోవడానికి ఉన్నన్ని మాటలు ఇంకే పనికీ ఉన్నట్టు లేవు. డిపార్ట్, సెటాఫ్, గో అవే, టేకాఫ్, పుషాఫ్... చెప్పుకుంటూ పోతే వాడి నోటుబుక్కు చాలదు.

అయితే ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే కొంప మునుగుతుంది. ఇంటికొచ్చిన పెద్దమనిషితో 'గో అవే' అన్నామా, మళ్ళీ ఆయన మన గుమ్మం తొక్కడు. 'డిపార్ట్' రైళ్ళకు బాగుంటుంది గాని, 'డిపార్టెడ్' అని మనిషికి తగిలిస్తే పాపం ఆయనకు తద్దినం పెట్టవలసి వస్తుంది. 'టేకాఫ్' విమానం లేవడానికీ చెల్లుతుంది, చొక్కా విప్పడానికీ చెల్లుతుంది. 'లెఫ్ట్ వైజాగ్' అంటే విశాఖపట్నం విడిచిపెట్టాడని. మధ్యన 'ఫర్' అనే చిన్న మాట పడిందా, విశాఖపట్నానికే బయలుదేరాడని! మన 'నుంచి', 'కి' ఎంత నయమో చూడండి.

అసలు 'టేక్ లీవ్'లోని 'లీవ్'కీ, విడిచిపెట్టడమనే 'లీవ్'కీ చుట్టరికం లేదు. మొదటిది పాత ఇంగ్లీషులో 'అనుమతి' అనే మాట. రెండోది 'మిగిల్చి ఉంచడం'. కాలక్రమాన రెండూ ఒకే వేషం వేసుకున్నాయి. అంచేత టేక్ లీవ్ అంటే వెళ్ళడం కాదు, వెళ్ళడానికి అనుమతి పుచ్చుకోవడం. మన 'సెలవు' సరిగ్గా ఇదే. పెద్దల దగ్గర సెలవు పుచ్చుకుంటాం, ఆఫీసులో సెలవు పెడతాం, పెద్దవారు నోరు విప్పితే 'సెలవిచ్చారు' అంటాం. తమిళుల 'సెలవు' మాత్రం ఖర్చు. వారి భాషలో 'సెల్' అంటే వెళ్ళడం. చేతిలోంచి వెళ్ళేదే కదా ఖర్చు! నెలాఖరు రోజుల్లో నాకు తమిళార్థమే ఎక్కువ తోస్తూ ఉంటుంది.

ఇదంతా విని కుర్రవాడు, "మరి మా అమ్మమ్మ 'ఎల్లొస్తాను' అంటుంది కదండీ, దానికి ఇంగ్లీషేంటి?" అన్నాడు.

ఈ ప్రశ్న నోటుబుక్కులో లేదు. ఉన్న ప్రశ్నలన్నిటికంటే మంచిది మాత్రం ఇదే.

గుమ్మం దిగుతూ 'వెళ్తాను' అని ఊరుకుంటే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు గభాలున 'వెళ్ళొస్తాననమ్మా' అని దిద్దుతారు. ఒక్కొక్కప్పుడు వెళ్ళడం కూడా మింగేసి, చెప్పులు తొడుక్కుంటూ 'వస్తాను' అనేస్తాం. వెళ్ళేవాడు వస్తాననడమేమిటని కొత్తవాడికి మతి పోవాలి. బెంగాలీవారూ ఇంతే, వెళ్ళేటప్పుడు 'ఆశి', అంటే వస్తాను, అంటారు. తమిళులు, కన్నడిగులు, మలయాళీలు కూడా పోయి వస్తామనే వాళ్ళే. ఇక మన కోస్తాలో 'పోయాడు' అన్న మాట ఒంటరిగా వినబడితే గుండె ఝల్లుమంటుంది. తెలంగాణలో 'పోయిండు' అంటే హాయిగా ఎక్కడికో వెళ్ళాడని, అంతే. బయలుదేరిన మనిషిని 'ఎక్కడికి?' అని అడిగినా పని చెడుతుందని మనకు జంకు. 'ఎందాకా?' అనాలి, లేదా 'దూరమా?' అనాలి.

పిల్లలు 'బై' అంటున్నారని నేను కళ్ళెర్రజేసే రకం కాదు. 'గుడ్‌బై' ఒకప్పుడు 'దేవుడు నీకు తోడుండుగాక' అనే వాక్యం. అరిగి అరిగి అంతయింది. కాని అది దీవెన. మన 'వెళ్ళొస్తాను' మాట ఇవ్వడం, అదీ ఇంట్లో మిగిలిపోయేవాళ్ళకు.

మాట ఇవ్వకుండా పోయేవాళ్ళకూ మన దగ్గర పదాలకు కొదవ లేదు. జారుకున్నాడు, చెక్కేశాడు, ఉడాయించాడు, తుర్రుమన్నాడు, బిచాణా ఎత్తేశాడు, కాళ్ళకు బుద్ధి చెప్పాడు, పలాయనం చిత్తగించాడు. 'బిచాణా' హిందీవారి పక్క, 'పరారీ' అరబ్బీ నుంచి వచ్చింది. పారిపోవడానికి అప్పు తెచ్చుకున్న మాటలే ఎక్కువ. తీర్చే ఉద్దేశం లేదు కాబోలు! 'కన్యాశుల్కం'లో గిరీశం చేసినదీ ఇదే కదా. విజయనగరంలో అప్పులవాళ్ళు చుట్టుముట్టేసరికి, శిష్యుడికి చదువు చెప్పే నెపాన కృష్ణరాయపురం అగ్రహారం చెక్కేశాడు. చెప్పకుండా జారుకోవడాన్ని ఇంగ్లీషువారు 'ఫ్రెంచి లీవ్' అంటారు. ఫ్రెంచివారు 'ఇంగ్లీషు పద్ధతిలో జారుకోవడం' అంటారు. చెడ్డ అలవాటెప్పుడూ పక్కింటివాడిదే.

మా వైపు చెప్పి వెళ్ళడంలో మాత్రం అల్లూరి సీతారామరాజుకు సాటి లేరు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరసగా మూడు రోజులు పడ్డాడు. తీసుకున్న ఆయుధాల లెక్క రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక వెళ్ళేవాళ్ళను సాగనంపడం ఉంది. శాకుంతలం నాలుగో అంకంలో కణ్వమహర్షి కూతురి వెంట కొలను గట్టు దాకా నడుస్తాడు. ఆప్తుల్ని నీరు కనబడేదాకా సాగనంపడం ఆచారం. మా నర్సీపట్నంలో ఆ కొలను గట్టు బస్‌స్టాండే. ఊళ్ళో రైలు లేదు. 'నర్సీపట్నం రోడ్' అని స్టేషనుంది గాని, ఆ 'రోడ్' అన్న మాటలోనే మోసమంతా ఉంది. అక్కడికి చేరడానికి బస్సెక్కాలి. అంచేత ఇక్కడ కన్నీళ్ళు రైలుకంటే ముందు బస్సే చూస్తుంది. (2022 ఏప్రిల్ 4న మేమంతా కదలకుండానే విశాఖపట్నం జిల్లా విడిచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళిపోయాం. మమ్మల్ని సాగనంపిన వాళ్ళెవరూ లేరు.)

ఆ బస్సెక్కి పట్నం వెళ్ళి, అక్కణ్ణుంచి అమెరికా వెళ్ళిన పిల్లలు మా వీధిలోనే ముగ్గురున్నారు. ముగ్గురూ ఫుట్‌బోర్డు మీద నిలబడి 'వెళ్ళొస్తాను' అన్నవాళ్ళే. ఎదురింటావిడ కొడుకు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. మాటలయిపోయాక 'ఉంటానమ్మా' అంటాడు. ఫోన్ పెట్టేయబోతూ 'ఉంటాను' అనడం మన తెలుగువాళ్ళ చిత్రం. నోటితో ఉంటాననడం, చేత్తో తీసేయడం! కుర్రవాడికి అయిదు పర్యాయపదాలూ రాయించి, చివర ఇదీ చేర్చమన్నాను. మాస్టారు కొట్టేస్తారేమోనని వాడి భయం.

ఆవిడ మాత్రం ప్రతి వారమూ, "ఉండు నాయనా, ఒక్క నిమిషం ఉండు. ఈ సంక్రాంతికి వస్తానన్నావు కదా, టిక్కెట్టు తీశావా?" అని అడుగుతుంది. ఆ గొంతు మా అరుగు మీదికి వినిపిస్తుంది.