పసుపు: నమ్మకం, నిరూపణ

కోయంబత్తూరు, మదురైల్లోని మన పాత తెలుగు ఇళ్లలో దెబ్బ తగిలితే ముందు చేతికందేది పసుపే. కోయంబత్తూరుకు దగ్గర్లోని ఈరోడు పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్‌ను 1815లో వేరు చేశారు. 1910లో దాని నిర్మాణం తేలింది. వాపును రేపే ఎన్‌ఎఫ్-కప్పా బి ప్రోటీన్‌ను అది కణాల్లో అణచగలదని 1995లో ప్రయోగశాలలో రుజువైంది. కానీ మింగిన కర్కుమిన్ రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ప్రయోగశాల పరీక్షలనే అది పక్కదారి పట్టించగలదని 2017లో రసాయన శాస్త్రవేత్తలు హెచ్చరించారు. కాబట్టి దాన్ని వైద్యానికి బదులుగా చూడకూడదు.

మరోవైపు, గాయాలకు పసుపు వాడకంపై అమెరికా ఇచ్చిన పేటెంటు 1997లో రద్దయింది. ఆ వాడకం కొత్తది కాదని చూపిన మన పాత గ్రంథాలు, పరిశోధన పత్రాలే అందుకు ఆధారం. రాసిపెట్టిన తెలివే నిలుస్తుంది. మీ ఇంటి పెద్దల వాడుకలను తెలుగులో రాసి మాకు పంపండి.

— సంపాదకుడు